మీకు తెలుసా? నీలి జింక, తలకిందుల గబ్బిలం

తుర్కపల్లి పేరు చెబితే ఇవాళ అందరికీ గుర్తొచ్చేవి జీనోమ్ వ్యాలీ, టీకాలు, ల్యాబులు. ఇక్కడి నుంచి సిటీకి బయల్దేరితే దారిలో శామీర్‌పేట చెరువు, జవహర్ డీర్ పార్క్ తగులుతాయి. అదే రాజీవ్ రహదారి పట్టుకుని సికింద్రాబాద్ దాటి మూసీ ఒడ్డుకు చేరితే సాలార్‌జంగ్ మ్యూజియం. అందులో చైనా పింగాణీ ఉన్న గదుల్లో తెల్లటి పాత్రల మీద నీలి బొమ్మలు కనిపిస్తాయి. చైనా నీలి పింగాణీ మీద జింకలు, చేపలు, గబ్బిలాలు, పీచ్ పళ్లు, పూలతీగలు ఎందుకు గీశారు? అందం కోసమే అనుకుంటే సగమే చూసినట్టు. ఆ బొమ్మల్లో చాలావరకు చదువుకోవాల్సినవి. ఎలా చదవాలో ఈసారి చూద్దాం.

బొమ్మతో శ్లేష

16వ శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ రాసి, ఒకే పద్యంలో రామాయణాన్నీ భారతాన్నీ పలికించాడు. చైనా చిత్రకారులు ఆ పనిని కుంచెతో చేశారు. చైనా భాషలో ఒకేలా పలికి వేర్వేరు అర్థాలిచ్చే మాటలు బోలెడు. సంపద, శాంతి, దీర్ఘాయుష్షు లాంటివాటికి రూపం ఉండదు, బొమ్మ గీయలేం. అందుకని ఆ మాటలాగే పలికే జంతువునో, పండునో, వస్తువునో గీస్తారు. చూసినవాడు బొమ్మ పేరును పైకి అంటే చాలు, దీవెన పలికినట్టే.

జింక అంటే జీతం

డీర్ పార్క్‌లో చుక్కల దుప్పుల్ని చూసి పిల్లలు మురిసిపోతారు. పాతకాలపు చైనాలో పళ్లెం మీద చుక్కల జింకను చూసి పెద్దలు మురిసిపోయేవాళ్లు. జింకను వాళ్లు ‘లూ’ అంటారు. రాజోద్యోగికి దర్బారు ఇచ్చే జీతభత్యాలనూ ‘లూ’ అనే అంటారు. కాబట్టి జింక బొమ్మ ఉన్న పళ్లెం ఇస్తే ‘నీకు పెద్ద కొలువు దొరకాలి’ అని దీవించినట్టు. గవర్నమెంటు ఉద్యోగం మీద మోజు మన ఒక్కరి సొత్తే కాదన్నమాట! అదృష్టం, కొలువు, ఆయుష్షు... చైనా ఇళ్లలో పూజలందుకునే ముగ్గురు దేవతలు ఫూ, లూ, షౌ వీటికి ప్రతీకలు. ఆయుష్షు దేవత బొమ్మ పక్కన కూడా తరచూ జింక ఉంటుంది.

గబ్బిలం శుభం

ఇంట్లోకి గబ్బిలం దూరితే మన దగ్గర శాంతి చేయించేవాళ్లున్నారు. గుర్రం జాషువా ఆ గబ్బిలాన్నే దూతను చేసి 1941లో కావ్యం రాసేదాకా దానికి మన సాహిత్యంలో పెద్దగా గౌరవం లేదు. చైనాలో సంగతి పూర్తిగా వేరు. గబ్బిలం పేరులో ‘ఫూ’ ఉంది, భాగ్యం కూడా ‘ఫూ’. అందుకే పళ్లెం అంచు చుట్టూ గబ్బిలాలు ఎగురుతుంటాయి. గబ్బిలమని చెబితే తప్ప గుర్తుపట్టలేం. రెక్కలు మేఘంలా మెలితిరిగి సీతాకోకచిలుకలా కనిపిస్తుంది. ఐదు గబ్బిలాలుంటే ఐదు భాగ్యాలు: దీర్ఘాయుష్షు, సంపద, ఆరోగ్యం, సద్గుణం మీద ప్రేమ, అనాయాస మరణం. చివరిదాన్ని కూడా వరాల పద్దులో వేసుకున్న ముందుచూపు గమనించారా!

ఒక్కోసారి గబ్బిలాన్ని తలకిందులుగా గీస్తారు. ‘తలకిందులు’, ‘వచ్చేసింది’ అనే మాటలు అక్కడ ఒకేలా వినపడతాయి. కాబట్టి తలకిందుల గబ్బిలం అంటే భాగ్యం గడప దాటి లోపలికి వచ్చేసిందని.

చేపలో మిగులు

చేప ‘యూ’, మిగులు కూడా ‘యూ’. ఖర్చులన్నీ పోను చేతిలో ఇంకా కాస్త ఉండాలన్న కోరికే పళ్లెంలో చేప. చేప పక్కన తామర ఉంటే దీవెన ఇంకాస్త పెరుగుతుంది. తామర పేరు ‘లియెన్’, వరుసగా, ఎడతెగకుండా అనే మాట కూడా అలాగే పలుకుతుంది. రెండూ కలిపితే ‘ఏటేటా మిగులు’. ఏ ఆర్థికమంత్రికైనా కానుకగా ఇవ్వదగ్గ పళ్లెం!

నాలుగు చేపలు, ఒక హితబోధ

14వ శతాబ్దపు పెద్ద జాడీల మీద నాచు మధ్య ఈదే నాలుగు రకాల చేపలు కనిపిస్తాయి. ఆ నాలుగు జాతుల పేర్లు వరుసగా చదివితే ‘మచ్చలేనివాడు, స్వచ్ఛమైనవాడు, లంచం ముట్టనివాడు, గౌరవనీయుడు’ అని వినపడుతుంది. చేపను చేపలా మాత్రమే చూసేవాడికి అది చెరువు. చదువుకున్న అధికారికి అది నడవడి పాఠం.

పరీక్ష పాసవ్వాలంటే కొంగ

చైనాలో కొలువు దొరకాలంటే సర్కారు పరీక్షలు పాసవ్వాలి. ఏళ్ల తరబడి చదివేవాళ్లు, మళ్లీ మళ్లీ రాసేవాళ్లు. గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకునే మన కుర్రాళ్లకు ఆ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి అభ్యర్థుల కోసం ఒక బొమ్మ ఉంది: తామరల మధ్య తెల్లకొంగ. కొంగ ‘లూ’, దారి కూడా ‘లూ’. తామర అంటే వరుసగా. మొత్తం చదివితే ‘దారి పొడవునా వరుసగా పరీక్షలన్నీ గెలువు’ అని. ఇందాకటి జింక కూడా ‘లూ’నే కదా! ఒకే ధ్వనితో ఇన్ని దీవెనలు.

ఇదే కోవలోది అలల మీదికి ఎగిరే కార్ప్ చేప. పసుపునది ఉరవడికి ఎదురీది డ్రాగన్ ద్వారాన్ని దూకిన చేప డ్రాగన్‌గా మారుతుందని కథ. పరీక్ష నెగ్గిన బీదవాడికి అదే గుర్తు.

పిల్లి, సీతాకోకచిలుక

పూలపొద కింద పిల్లి పొంచి ఉంటుంది, పైన సీతాకోకచిలుక. చూడ్డానికి ఆటలా ఉంటుంది, నిజానికి అది ముసలివాళ్లకు ఇచ్చే దీవెన. పిల్లి ‘మావో’, సీతాకోకచిలుక ‘దియె’. రెండూ కలిపితే డెబ్బై, ఎనభై ఏళ్లు దాటిన నిండు వయసుకు వాడే మాటను పోలి ఉంటుంది. మన ‘శతమానం భవతి’కి చెల్లెలు.

ధ్వని అక్కర్లేని బొమ్మలు

అన్నీ శ్లేషలే కావు. కొన్ని చూడగానే తెలిసిపోతాయి.

దానిమ్మ: లోపల బోలెడు గింజలు కాబట్టి బోలెడు సంతానం.
పీచ్ పండు: దేవతల తోటలో పండే అమరఫలం, కాబట్టి ఆయుష్షు.
జంట బాతులు: విడిపోవని నమ్మకం, కాబట్టి దాంపత్యం.
పైన్, వెదురు, ప్లమ్: చలికాలంలోనూ తలవంచని ‘ముగ్గురు మిత్రులు’, కాబట్టి కష్టంలోనూ నిలబడే మనిషి.

దానిమ్మ, పీచ్‌ల సరసన వేళ్లలా చీలిన నిమ్మజాతి పండొకటి ఉంటుంది. పేరు ‘బుద్ధహస్తం’. ఈ మూడూ కలిసి ఉంటే సంతానం, ఆయుష్షు, భాగ్యం సమృద్ధిగా కలగాలని.

పగిలిన మంచు మీద పూలు

కాంగ్షీ చక్రవర్తి కాలపు (1662–1722) జాడీ ఒకటి దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. ఒళ్లంతా ముదురు నీలం. ఆ నీలం మీద ఇంకా చిక్కటి గీతలు అడ్డదిడ్డంగా, ఏ రెండూ ఒకేలా లేకుండా ఉంటాయి. అవి గడ్డకట్టిన నది మీద పగుళ్లు. వాటి మధ్య కొమ్మలు, ఐదేసి రేకుల తెల్లటి ప్లమ్ పూలు. ఆ తెలుపు రంగు కాదు, నీలం పూయకుండా వదిలేసిన చోటు. ఆకులు రాకముందే, మంచు ఇంకా కరగకముందే పూసే చెట్టు ప్లమ్. మంచు పగులుతోంది, పూలు వచ్చాయి, వసంతం దగ్గరపడిందని అర్థం. యూరప్‌వాళ్లు దాన్ని వేరే చెట్టనుకుని ‘హాథార్న్ జాడీ’ అని పేరు పెట్టేశారు. ఆ పేరే స్థిరపడింది.

మన చక్రం, మన శంఖం

చైనా పళ్లేల అంచున రిబ్బన్లు చుట్టి ఉండే ఎనిమిది వస్తువులు తరచూ కనిపిస్తాయి: చక్రం, శంఖం, గొడుగు, పందిరి, తామర, కలశం, జంట చేపలు, అంతులేని ముడి. ఇవి భారతదేశం నుంచి బౌద్ధంతో పాటు నడిచి వెళ్లిన అష్టమంగళాలు. అమరావతి శిల్పులు బుద్ధుడి పాదముద్రల మీద చెక్కిన చక్రం, స్వస్తికలకు ఇవి దూరపు చుట్టాలు. స్వస్తికను చైనాలో ‘వాన్’ అని చదువుతారు, అంటే పదివేలు. ఆయుష్షు అనే అక్షరం పక్కన స్వస్తిక ఉంటే ‘పదివేల ఏళ్లు బతుకు’ అని. కలశానికీ వాళ్లు ఒక శ్లేష కలిపారు: కలశం ‘పింగ్’, శాంతి కూడా ‘పింగ్’. కాంగ్షీ కాలంలోనే ఒక పెద్ద కూజా మీద ఆయుష్షు అనే ఒకే అక్షరాన్ని రకరకాల లిపుల్లో పదివేలసార్లు రాశారు. అదిప్పుడు బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది.

గోళ్లు లెక్కపెట్టండి

చైనా డ్రాగన్ నిప్పులు కక్కే రాక్షసి కాదు. అది వాన కురిపించే దేవత, చక్రవర్తికి చిహ్నం. ఒక్కో కాలికి ఐదు గోళ్లుంటే చక్రవర్తిది. నాలుగుంటే రాకుమారుల స్థాయి. గోళ్ల సంఖ్య మీద ఆంక్షలే ఉండేవి.

నీలం ఇరాన్‌ది

జియాంగ్షీ రాష్ట్రంలోని జింగ్‌దెజెన్ ఊరు ఈ పింగాణీకి పుట్టిల్లు. 14వ శతాబ్దంలో అక్కడ వాడిన కోబాల్టులో మేలురకం ఇరాన్ నుంచి వచ్చేది. అందులో ఇనుము పాలు ఎక్కువ. అందుకే పాత పాత్రల మీద నీలం కొన్నిచోట్ల గడ్డకట్టినట్టు నల్లటి చుక్కలుగా తేలుతుంది. తర్వాత చైనా గనుల కోబాల్టును కలిపి ఆ లోపం దిద్దారు. అయితే ఆ చుక్కల అందానికి అలవాటుపడ్డ జనం కోసం 18వ శతాబ్దపు చిత్రకారులు కుంచెతో కావాలని చుక్కలు పెట్టారు!

దిద్దుకోవడం కుదరదు

పింగాణీకి కావాల్సింది కేయొలిన్ అనే తెల్లబంకమన్ను, పొడిచేసిన పింగాణీ రాయి. పాత్ర ఆరాక, కాల్చకముందే బొమ్మ వేస్తారు. పచ్చిమట్టి సిరాను అద్దుడు కాగితంలా పీల్చేస్తుంది. గీత వంకరపోతే తుడవడం కష్టం. పైగా గీసేటప్పుడు ఆ రంగు నీలంగా ఉండదు, బూడిద నలుపుగా ఉంటుంది. గీత మీద గాజులా మెరిసే గ్లేజు పూత పోసి, 1,300 డిగ్రీల దరిదాపు వేడిలో కాల్చి బట్టీ తెరిస్తేనే నీలం బయటపడుతుంది. నీలం గ్లేజు కింద ఉంటుంది కాబట్టి ఎన్ని వందల ఏళ్లు తోమినా పోదు.

ఫ్రెంచి జెసూట్ పాద్రి డాంట్రకోల్ జింగ్‌దెజెన్ గురించి 1712లో రాసిన లేఖలో ఒక్కో పాత్ర డెబ్బై చేతులు మారుతుందని చెప్పాడు. అంచు కింద వలయం గీసేవాడు ఒకడు, పువ్వుకు గీత గీసేవాడు ఇంకొకడు, లోపల రంగు నింపేవాడు మరొకడు.

మన ఆవకాయ జాడీ ఈ కుటుంబంలోది కాదు. అది రాతిమట్టి జాడీ. అసలైన పింగాణీ కప్పును దీపానికి ఎదురుగా పట్టి వెనక వేలు పెడితే వేలి నీడ కనిపిస్తుంది.

తారీఖు ఉన్న జంట

నీలి పింగాణీ చరిత్రకు ఆధారమైన కూజాల జంట లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. చాంగ్ వెన్‌జిన్ అనే భక్తుడు ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని గుడికి సమర్పించుకున్నట్టు మెడ మీద రాసి ఉంది. సంవత్సరం 1351. ఏనుగు తలల చెవులు, ఒంటి మీద డ్రాగన్, దానిపైన ఫీనిక్స్. విడిపోయిన ఈ రెంటినీ కొని కలిపిన సంపన్నుడు సర్ పర్సివల్ డేవిడ్. ఆయన పుట్టింది బొంబాయిలో, 1892లో.

అదే ఏడాది ఢిల్లీలో...

ఆ 1351లోనే ఫిరోజ్ షా తుగ్లక్ ఢిల్లీ గద్దెనెక్కాడు. ఢిల్లీలోని తుగ్లక్ రాజభవనంలో 1961లో ఆ కాలపు నీలి పింగాణీ పెంకులు పదుల సంఖ్యలో బయటపడ్డాయి. కొన్నింటి మీద రాజుగారి వంటశాల సొత్తు అని పర్షియన్ అక్షరాలున్నాయి. ప్రాణుల బొమ్మలు ఉండకూడదన్న ఫిరోజ్ షా పట్టుదల వల్లే వీటిని పగలగొట్టి ఉంటారని పరిశోధకురాలు ఎలెన్ స్మార్ట్ వాదన. శ్లేష తెలియని చోట పక్షి పక్షిలాగే కనపడింది.

మన రేవుల్లో చైనా పెంకులు

కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ 1244 ప్రాంతంలో శాసనం వేయించిన రేవు మోటుపల్లి. మార్కోపోలో ‘ముట్ఫిలి’ అన్నది దీన్నే. బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో, నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో చైనా మట్టిపాత్రల పెంకులు దొరికాయి. జపాన్ చరిత్రకారుడు నొబోరు కరషిమా, మన దేశపు పరిశోధకులతో కలిసి దక్షిణాది తీరమంతా తిరిగి ఇలాంటి పెంకులు ఏరి, అధ్యయనం చేశారు.

తర్వాత గోల్కొండకు మచిలీపట్నం పెద్ద రేవైంది. డచ్చివాళ్లు 1603లో సింగపూర్ దగ్గర ‘సాంతా కాతరీనా’ అనే పోర్చుగీసు ఓడను పట్టుకుని, అందులోని లక్ష దాకా పింగాణీ పాత్రల్ని ఆమ్‌స్టర్‌డాంలో వేలం వేశారు. ఆ వెంటనే రెండు మూడేళ్లలో వాళ్లు మచిలీపట్నంలోనూ వర్తకం మొదలుపెట్టారు.

విషం పట్టే పళ్లెం

సాలార్‌జంగ్‌లో నీలి పింగాణీతో పాటు లేతాకుపచ్చ సెలడాన్ పాత్రలూ ఉన్నాయి. మన దేశపు నవాబుల ఇళ్లలో వీటిని ‘ఘోరీ’ అనేవాళ్లు. విషం కలిపిన అన్నం వడ్డిస్తే పళ్లెం పగులుతుందనో, రంగు మారుతుందనో నమ్మేవాళ్లు. పగలదు, మారదు. అయినా విందుకు ముందు ఆ నమ్మకం కొందరికి ధైర్యమిచ్చి ఉంటుంది.

తానీషా ఆఖరి ఇల్లు

1687లో గోల్కొండ పడిపోయాక ఆఖరి కుతుబ్‌షాహీ సుల్తాన్ అబుల్ హసన్ తానీషాను ఔరంగజేబు దౌలతాబాద్ కోటలో బంధించాడు. ఆ భవనం పేరు చీనీ మహల్. గోడలకు నీలం, తెలుపు ఎనామిల్ పలకలు పొదగడం వల్ల ఆ పేరొచ్చింది. భద్రాచలం రామదాసును చెరలో పెట్టిన పాలకుడు తన చివరి ఏళ్లు చీనా పేరున్న చెరలో గడిపాడు.

చైనాలో లేని చైనా కథ

వంతెన, విల్లో చెట్టు, ఎగిరే పావురాల జంట ఉన్న నీలి పళ్లేన్ని మీరెక్కడో చూసే ఉంటారు. పారిపోయిన ప్రేమికులు పావురాలయ్యారని దాని కథ. ఆ బొమ్మను 18వ శతాబ్దం చివర రూపొందించినవాళ్లు ఇంగ్లండు కుమ్మరులు. కథ కూడా అక్కడ అల్లిందే. చైనా బొమ్మను చదవడం రానివాళ్లు దానికి కొత్త కథ కట్టి లక్షల పళ్లేలు అమ్ముకున్నారు.

అడుగున ఉన్నదంతా నిజం కాదు

పాత్ర అడుగున చక్రవర్తి పేరు రాసే ఆచారం ఉంది. అయితే కాంగ్షీ కాలపు కుమ్మరులు తమకు రెండు వందల ఏళ్ల ముందటి మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పేరును తరచూ వేశారు. కొంత పాతకాలపు పనితనం మీద గౌరవం, కొంత గిరాకీ. పాత్ర పగిలితే చక్రవర్తి పేరు కాళ్లకింద పడుతుందని 1677లో స్థానిక అధికారి కాంగ్షీ పేరు వాడొద్దన్నాడట. దాంతో రెండు నీలి వలయాల మధ్య ఆకో, తామరో గీసి సరిపెట్టారు.

మ్యూజియంలో ఏం చూడాలి?

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) పోగేసిన వస్తువులతో 1951లో మ్యూజియం తెరిచారు. ఇప్పటి భవనానికి 1968లో మారింది. శుక్రవారం సెలవు. గంట కొట్టే గడియారం ముందు ఎప్పుడూ జనమే. ఆ గంట అయ్యాక చైనా గదుల వైపు నడవండి. డ్రాగన్ ఉంటే గోళ్లు లెక్కపెట్టండి. జంతువును ఒంటరిగా చూడొద్దు, పక్కనున్న పువ్వుతో కలిపి చూడండి. అంచు మీది వస్తువుల్లో మన అష్టమంగళాలు ఎన్నున్నాయో వెతకండి.

పిల్లల కోసం ఈ వారం ప్రశ్న: పళ్లెం నడుమ పీచ్ పండు, చుట్టూ ఐదు గబ్బిలాలు, అంచంతా స్వస్తికలు. ఇది ఎవరి పుట్టినరోజుకు ఇవ్వదగ్గ కానుక? పదేళ్ల మనవడికా, ఎనభై ఏళ్ల తాతయ్యకా?